చేయి ఎత్తితే జాకెట్టు లేవకూడదు: బిగుతు ఎక్కడ ఉండాలి, వదులు ఎక్కడ ఉండాలి

మీరు చెప్పింది ఇదీ. ఛాతీ 36, పట్టు జాకెట్టు, మోచేతి దాకా చేతులు. నిశ్చితార్థానికి కుట్టించుకున్నారు. నిలబడితే బాగానే ఉంది. జడలో పూలు పెట్టుకోబోతే మాత్రం జాకెట్టు మొత్తం పైకి లేచి, ఛాతీ కింద పట్టీ పైకెక్కుతోంది. టైలరు చంక కిందికి కోసి పెద్దది చేశారు, పక్క కుట్లు ఒక వరస విప్పారు. ఇప్పుడు చంక దగ్గర ముడతలు వచ్చాయి, చేయి మునుపటి కన్నా తక్కువ లేస్తోంది. ‘హాయిగా కావాలంటే వదులు, అందంగా కావాలంటే టైటు, రెండూ కుదరవు’ అని ఆయన తేల్చేశారు. పెళ్లి జాకెట్టు ఇంకా కత్తెర పడలేదు, దానికి మగ్గం వర్కు కూడా ఉంది.

ఆయన అన్నది సగమే నిజం. కొన్ని చోట్ల నిజంగానే ఒకటి వదులుకోవాలి, వాటి సంగతి కిందికి వెళ్లాక చెబుతాను. కానీ చంక దగ్గర అలా కాదు. అక్కడ దగ్గరగా, ఎత్తుగా కోస్తేనే చేయి బాగా లేస్తుంది, చూడటానికీ బాగుంటుంది. జాకెట్టుకు అందం ఇచ్చే బిగుతు ఛాతీ కింద పట్టీలో, మెడ అంచులో, చంక ఎత్తులో ఉండాలి. హాయినిచ్చే వదులు జబ్బ దగ్గర, వీపు అడ్డంలో, ఛాతీ గిన్నెలో ఉండాలి. చాలా జాకెట్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు: చంక పెద్దది, జబ్బ టైటు, పట్టీ వదులు, వీపు ఇరుకు.

చంక ఎందుకు అలా పనిచేస్తుందో ముందు చూడండి. చేయి ఎత్తినప్పుడు నడుము నుంచి చంక మీదుగా మోచేతి దాకా ఒళ్లు సాగుతుంది. ఆ దారి పొడవునా జాకెట్టులో ఉన్నవి రెండే కుట్లు, పక్క కుట్టు ఒకటి, చేతి లోపలి కుట్టు ఒకటి. చంకను ఒక అంగుళం కిందికి కోస్తే పక్క కుట్టు ఒక అంగుళం పొట్టిదవుతుంది. ఆ పెద్ద చంకకు సరిపోవాలని చేతి పై వంపును కూడా ఎత్తు పెంచితే చేతి లోపలి కుట్టూ ఆ మేరకు తగ్గుతుంది. అంటే చేయి లేవడానికి ఉన్న బట్టలో దాదాపు రెండు అంగుళాలు పోయినట్టే. ఇక చేయిని నడుముకు తాడేసి కట్టినట్టే, చేయి ఎంత లేస్తే జాకెట్టు అంత లేస్తుంది. పక్క కుట్లు విప్పితే చుట్టుకొలత పెరుగుతుంది తప్ప ఈ పొడవు పెరగదు. మీ జాకెట్టుకు జరిగింది అదే.

ఈ సూత్రం జాకెట్లకే కాదు, కోట్లకూ ఇదే. లండన్‌లో టైలర్లకు పేరున్న సావిల్ రో వీధిలో ఫ్రెడరిక్ షోల్టె అనే టైలరు డ్యూక్ ఆఫ్ విండ్సర్‌కు (ఒకప్పటి బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్) కుట్టిన కోట్లు ‘డ్రేప్’ కటింగ్‌గా పేరుపడ్డాయి. ఛాతీ మీద, వీపు మీద కాస్త అదనపు బట్ట వదిలి, చంకను మాత్రం చిన్నదిగా, పైకి కోయడం ఆ కటింగు కీలకం. షోల్టె దగ్గర పని నేర్చిన పెర్ ఆండర్సన్ 1906లో మొదలుపెట్టిన ఆండర్సన్ అండ్ షెపర్డ్ అనే టైలరింగ్ సంస్థ ఇప్పటికీ దాదాపు అదే పద్ధతిలో కోస్తోంది. రెడీమేడ్ బట్టలు వేరు. ఒకే సైజు వంద రకాల ఒళ్లకు పట్టాలి కాబట్టి వాళ్లు చంక కిందికి వదులుతారు. మీ ఒక్కరి కొలతకు కుట్టే జాకెట్టుకు ఆ అవసరం లేదు.

అయితే చంక ఎంత ఎత్తుండాలి? సూత్రాలు చాలా ఉన్నాయి. ఛాతీలో ఆరో వంతుకు ఒక అంగుళం కలిపేవాళ్లున్నారు (36కి 7 వస్తుంది), నాలుగో వంతులో అంగుళంన్నర తీసేసేవాళ్లున్నారు (36కి 7½ వస్తుంది). ఒకే మనిషికి రెండు లెక్కలు అర అంగుళం తేడాతో వస్తున్నాయి, పైగా రెండూ ఛాతీ మీదే ఆధారపడ్డాయి. ఛాతీ పెద్దదైనంత మాత్రాన చంక కిందికి దిగదు కదా. ఛాతీ 40, 42 ఉన్నవాళ్ల జాకెట్లు ఎక్కువగా చంక దగ్గరే చెడేది ఇందుకే. ఒంటి మీద కొలిస్తే ఈ గొడవ ఉండదు. చంకలో ఒక స్కేలును నేలకు సమాంతరంగా పెట్టి, చేయి మామూలుగా దించి పట్టుకోవాలి. భుజం ఎముక చివర నుంచి స్కేలు పై అంచు దాకా టేపుతో కొలవాలి. అది 6 అంగుళాలు వస్తే భుజం చివర నుంచి 6½ దగ్గర చంక గీత పెట్టాలి. అర అంగుళం ఖాళీ చాలు. ముప్పావు దాకా ఫరవాలేదు. అంగుళం దాటితే పైన చెప్పిన సమస్య మొదలవుతుంది. పావు కన్నా తక్కువైతే ఒరుసుకుని ఎర్రబడుతుంది, చెమట మరకలు కూడా తొందరగా పడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చంక పైకి కోశాక మొదటి ట్రయల్‌లో ‘పట్టేస్తోంది’ అనిపిస్తుంది, టైలరు వెంటనే కత్తెర తీస్తారు. ఆగమనండి. ముందు లోపల వదిలిన బట్టను చూడాలి. చంక వంపులో అర అంగుళం, ముప్పావు అంగుళం బట్ట వదిలి గాట్లు పెట్టకుండా కుడితే, ఆ బట్ట అంచు కుట్టు గీత కన్నా పొట్టిగా ఉండి లోపల తాడులా బిగుస్తుంది. మొదట చంక కింది సగంలో ఆ బట్టను పావు అంగుళానికి కాస్త పైగా ఉండేలా కత్తిరించి, అర అంగుళానికొక గాటు పెట్టాలి. గాటు కుట్టుకు నూలు పోగు దూరంలో ఆగాలి. పీచు లేచే పట్టు అయితే గాట్లు పెట్టాక సన్నటి పైపింగ్ గుడ్డతో చుట్టాలి, ఓవర్‌లాక్ దారం ఒరుసుకుంటుంది. చాలా జాకెట్లలో ‘చంక టైటు’ అనేది ఈ ఒక్క పనితోనే పోతుంది, కుట్టు గీత కదపనక్కర్లేదు.

చంక ముందు వైపు, వెనక వైపు ఒకేలా ఉండకూడదు. ముందు వైపు అర అంగుళం ఎక్కువ లోపలికి తోడాలి, లేకపోతే ఛాతీ పక్కన, చంక ముందు, బట్ట పోగుపడి మడత పడుతుంది. వెనక వైపు అలా తోడకూడదు. చేతులు ముందుకు చాచినప్పుడు (స్కూటీ హ్యాండిలు, కారు స్టీరింగు, పెళ్లిలో దండ వేయడం) వీపు వెడల్పు పెరుగుతుంది. వెనక నున్నగా ఉండాలని రెండు వైపులా ఒకే వంపు కోస్తే ఆ పెరుగుదలకు బట్ట ఉండదు, చేతి కుట్టు వెనక భాగంలో పట్టేస్తుంది, పట్టు అయితే అక్కడే పిగులుతుంది. వెనక అడ్డం కొలత చేతులు దించి ఒకసారి, రెండు చేతులతో ఎదురు భుజాలు పట్టుకుని ఒకసారి తీసుకోండి. దించి ఉన్న కొలతకు అర నుంచి ముప్పావు అంగుళం కలిపితే చాలు. మొత్తం తేడా కలిపితే నిలబడినప్పుడు వీపు మీద నిలువు మడతలు పడతాయి. ఇది నిజంగా ఒకటి వదులుకునే చోటు.

భుజం కొలత కూడా దీనికి చుట్టమే. భుజం వెడల్పు ఎక్కువై కుట్టు జబ్బ మీదికి దిగితే చేయి అక్కడి నుంచి మొదలైనట్టు అవుతుంది, ఎత్తితే భుజం మీద బట్ట గుట్టగా లేస్తుంది. జాకెట్టుకు భుజం కుట్టు ఎముక మీద గానీ, పావు నుంచి అర అంగుళం లోపల గానీ ఉండాలి.

ఇప్పుడు చేతులు. అసలు బేరసారాలన్నీ ఇక్కడే. చేతి ముక్క పైన భుజం మీద కూర్చునే వంపు ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. క్యాప్ ఎత్తుగా ఉంటే చేయి దించినప్పుడు ఒక్క ముడతా లేకుండా నిలుస్తుంది, ఎత్తితే పట్టేస్తుంది. క్యాప్ పొట్టిగా ఉంటే చేయి బాగా లేస్తుంది, దించినప్పుడు చంక దగ్గర రెండు మూడు ఏటవాలు మడతలు వస్తాయి. చంక చుట్టుకొలత 16 అంగుళాలు ఉన్న జాకెట్టుకు క్యాప్ 4 అంగుళాలు పెడితే జబ్బ దగ్గర వెడల్పు దాదాపు 13¾ వస్తుంది. 3½ పెడితే 14¼ దాటుతుంది, 3 పెడితే 14¾ దాటుతుంది. అంటే క్యాప్ అర అంగుళం దించితే జబ్బ దగ్గర సుమారు అర అంగుళం వదులు వస్తుంది, చేతి లోపలి కుట్టు కూడా అర అంగుళం పొడుగవుతుంది. 36 ఛాతీకి, ఫంక్షన్ జాకెట్టుకు 3½ దగ్గర మొదలుపెట్టడం మంచిది. రోజూ ఆఫీసుకు వేసుకునేదైతే 3. ఫోటోల కోసం మాత్రమే అయితే 4, అదీ పొట్టి చేతులకే.

క్యాప్ వంపు పొడవును టేపు నిలబెట్టి కొలిచి, చంక చుట్టుకొలతతో పోల్చి చూడమనండి. చేతిది పావు నుంచి అర అంగుళం ఎక్కువ ఉండాలి, ఆ ఎక్కువ అంతా పై భాగంలోనే సర్దుకోవాలి. ముప్పావు దాటితే పట్టులో చిన్న కుచ్చులు కనిపిస్తాయి. తక్కువైతే చంకను లాగి భుజం కుట్టును కిందికి దించుతుంది.

జబ్బ లూజు గురించి మోజు ఎక్కువ. చేతి అంచు ఒంటికి అతుక్కుని ఉండాలని కొలతకు కొలత పెట్టించుకుంటారు. కాటన్‌కు జబ్బ కొలత మీద అర నుంచి ముప్పావు అంగుళం, పట్టుకు ఒక అంగుళం వదులు కనీసం ఉండాలి. జరీ అంచు చేతి చివర వస్తే ఇంకో పావు. జరీ సాగదు, కోస్తుంది. మోచేతి చేతులైతే చేయి మడిచి కొలవాలి. చేయి మడిస్తే మోచేతి చుట్టు ఒక అంగుళం దాకా పెరుగుతుంది. అంచు సరిగ్గా మోచేతి మడత మీద పడితే మడిచినప్పుడల్లా గుచ్చుకుంటుంది, పట్టు అక్కడ నలిగి తెల్లబడుతుంది. మడతకు అంగుళం పైన ఆపండి, లేదా రెండంగుళాలు కిందికి దించండి.

ఛాతీ విషయానికి వస్తే, 36 అన్న ఒక్క అంకె సరిపోదు. పై ఛాతీ (చంకల కింద నుంచి, రొమ్ము పైన), నిండు ఛాతీ, కింది ఛాతీ అని మూడు కొలతలు కావాలి. పై ఛాతీ 33, నిండు ఛాతీ 36 అనుకోండి. ఆ మూడంగుళాల తేడా అంతా ముందు భాగంలోదే, వీపుకు దానితో పనిలేదు. 36కి అంగుళంన్నర వదులు కలిపి 37½ చేసి, సగానికి సగం పంచితే ముందు 18¾, వెనక 18¾. దాంతో వెనక పక్కన బట్ట వేలాడుతుంది, ముందు హుక్కుల మధ్య నోరు తెరుచుకుంటుంది. అదే మొత్తాన్ని వెనక 17, ముందు 20½గా పంచితే రెండూ పోతాయి. ఒక్క అంగుళం బట్ట కూడా ఎక్కువ పట్టలేదు, వదులు కూడా పెరగలేదు. టైటు అని పక్కలు విప్పి, వదులని మళ్లీ బిగించే జాకెట్లలో ఎక్కువ భాగం రోగం ఇదే.

పై ఛాతీకీ నిండు ఛాతీకీ తేడా రెండంగుళాలలోపు ఉంటే మామూలు డాట్లు (ఆకారం కోసం బట్టను మొన తేలేలా మడిచి వేసే కుట్లు) చాలు. మూడు దాటితే కటోరి (గిన్నెను విడి ముక్కగా కోసి అతికేది) గానీ ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా కిందికి దిగే నిలువు కుట్టు) గానీ మేలు, లోతు కుట్టులోనే వస్తుంది కాబట్టి బిగుతుగా కనిపించినా నొక్కదు. డాట్ మొన ఛాతీ మొనకు అర నుంచి ముప్పావు అంగుళం ముందే ఆగాలి. మొన దాకా కుడితే కోసుగా నిలబడుతుంది, దాన్ని అణచాలని ఇస్త్రీ ఎంత చేసినా లాభం లేదు. క్రాస్ కట్ జాకెట్టు ముందు భాగం ఐమూలగా (నేతకు ఏటవాలుగా) కోస్తారు కాబట్టి కాస్త సాగుతుంది, అదే దాని సుఖం. చాలామంది పైబట్టను ఐమూలగా కోసి లైనింగును నిలువుగా కోస్తారు. ఆ లైనింగు పైబట్టను సాగనివ్వదు, క్రాస్ కట్ కుట్టించుకున్న ఫలితం ఉండదు. లైనింగు కూడా అదే ఐమూలలో కోయమని చెప్పండి, బట్ట కాస్త ఎక్కువ పడుతుంది.

కింది పట్టీ మాత్రం బిగుతుగానే ఉండాలి. జాకెట్టును కిందికి పట్టి ఉంచేది అదొక్కటే. గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కటెముకల చుట్టు అంగుళంన్నర, రెండంగుళాలు పెరుగుతుంది. మామూలు ఊపిరికి అంత ఉండదు. కింది ఛాతీ కొలత మీద ముప్పావు అంగుళం వదులు సరిపోతుంది, పట్టీలోకి రెండు వేళ్లు దూరాలి, మూడు దూరకూడదు. పెళ్లి భోజనం తరువాత సంగతి కోసం ఒక ఉపాయం: హుక్కులు తగులుకునే దారపు కాజాలు అర అంగుళం దూరంలో రెండు వరసలు వేయించుకోండి. పొద్దున్న లోపలి వరస, భోజనం అయ్యాక బయటి వరస. హుక్కుల మధ్య దూరం అంగుళానికి మించకూడదు, ఒక హుక్కు సరిగ్గా ఛాతీ మొన ఎత్తులో పడాలి. ఆ ఎత్తులో హుక్కు లేకపోతే కొలత సరిగ్గా ఉన్నా తెరుచుకుంటుంది.

మెడ. వెనక లోతు 9, 10 అంగుళాలు పెట్టించుకుంటే జాకెట్టు భుజం మీద ఆగడానికి ఉన్నది సన్నటి పట్టీ ఒకటే. అప్పుడు ముందు మెడ వెడల్పు తగ్గించాలి. ముందూ వెనకా రెండూ వెడల్పైతే ఏ టైలరూ జారకుండా ఆపలేరు. లోతు మెడకు వెనక భుజం ముక్కను మెడ వైపు పావు అంగుళం లోపలికి తీసుకోవాలి, పైపింగుకు ఐమూల గుడ్డను కొద్దిగా లాగి పట్టి కుట్టాలి, అప్పుడు మెడ అంచు ఒంటికి అంటుకుంటుంది. లాగకుండా కుడితే అంచు సాగి, వంగినప్పుడు గ్యాపు వస్తుంది. తాళ్లు అలంకారానికే అనుకుంటారు గానీ లోతు మెడలో అవే భుజాన్ని పట్టేది. మెడ పై అంచు నుంచి అంగుళంన్నర, రెండంగుళాల లోపు కుట్టాలి, కిందికి దిగితే పనిచేయవు.

బట్ట సంగతి. ఆది జాకెట్టు (కొలతకు ఇచ్చే పాతది) ఇచ్చి ‘ఇలాగే కుట్టండి’ అంటే సగం గొడవలు మొదలయ్యేది అక్కడే. ఆది ఎక్కువగా నాలుగేళ్లు వేసుకుని ఉతికిన టూ బై టూ కాటన్ జాకెట్టు అయి ఉంటుంది. ఒంటికి అలవాటు పడి మెత్తబడి ఉంటుంది. అవే అంకెలతో లైనింగు వేసిన పట్టు కుడితే బిగుస్తుంది. పట్టుకు ఛాతీ చుట్టులో అర నుంచి ఒక అంగుళం కలపాలి. మెడ ఆకారం, లోతు, పొడవు ఆది నుంచి తీసుకోవచ్చు. ఛాతీ, చంక, జబ్బ మాత్రం ఒంటి మీద కొలవాల్సిందే, అదీ ఆ రోజు వేసుకోబోయే లోదుస్తులతో. కప్పులు పెట్టించుకోవాలనుకుంటే కొలతకు ముందే తేల్చుకోండి, తరువాత పెడితే ముందు భాగంలో అర అంగుళం మింగేస్తాయి.

కాటన్ లైనింగును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోయాలి. నూటికి మూడు వంతులు కుదించుకున్నా 36 మీద ఒక అంగుళం పైనే పోతుంది, అది మీరు పెట్టుకున్న వదులులో చాలా భాగం. పట్టును డ్రై క్లీనింగుకు ఇచ్చేవాళ్లకు ఇది తెలియదు, చెమటకు తడిసి ఆరినప్పుడు తెలుస్తుంది, పైబట్ట ఉబ్బి లైనింగు లాగుతుంది.

మగ్గం వర్కు జాకెట్టుకు వరస మారుతుంది. ముందు కొలతలు, తరువాత బట్ట మీద గీత, తరువాత వర్కు, చివర్న కటింగు. ఎందుకంటే దట్టమైన కుట్టు బట్టను లోపలికి లాగుతుంది. వర్కు అయ్యాక అసలు గీతను మళ్లీ టేపుతో కొలిచి, తగ్గిన మేరకు సరిచేసి కోయాలి. గీత గీసేటప్పుడే నాలుగు నియమాలు చెప్పండి. పక్క కుట్టుకు రెండు వైపులా ఒకటిన్నర అంగుళం వర్కు లేకుండా ఉండాలి. చంక కింద, చేతి లోపలి వైపు రెండు మూడు అంగుళాలు పూసలు, జర్దోసి ఉండకూడదు, ఒరుసుకుని చర్మం గీసుకుపోతుంది. డాట్లు మడిచే చోట వర్కు వద్దు. వర్కు వెనక వైపు ముడులు ఒంటికి తగలకుండా మెత్తటి లైనింగు తప్పనిసరి. ఇలాంటి జాకెట్టును తరువాత వదులు చేయడం దాదాపు కుదరదు కాబట్టి, వర్కుకు ఇచ్చే ముందు అదే కొలతతో పాత లైనింగు గుడ్డమీద ఒక నమూనా కుట్టించి వేసి చూసుకోండి. మీటరు గుడ్డ, ఒక పూట పని. దీనికి విసుక్కునే టైలరైతే వేరేవాళ్లను చూసుకోండి.

ట్రయల్‌లో అద్దం ముందు నిలబడి చూసుకోవడం ఎవరైనా చేస్తారు. మీరు రెండు చేతులూ తల పైకి ఎత్తండి, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలు పోసేటప్పుడు ఎత్తేంత. కింది పట్టీ అర నుంచి ముప్పావు అంగుళం లేస్తే మామూలే, చేయి దించగానే తనంతట తాను కిందికి రావాలి. అంగుళం దాటినా, దించాక పైనే ఉండిపోయినా చంక గానీ క్యాప్ గానీ తప్పు. తరువాత పీట మీద కూర్చుని ముందుకు వంగండి, మెడ తెరుచుకుంటుందేమో చూడండి. చేతులు ముందుకు చాచి పది లెక్కపెట్టండి. చివరిగా కొంగు పిన్ను పెట్టుకుని చూడండి. పట్టు చీర కొంగు బరువు ఎడమ భుజాన్ని లాగుతుంది, చీర లేకుండా చేసిన ట్రయల్‌లో ఇది బయటపడదు.

ముడతలను చదవడం కూడా తేలికే. ముడత ఎటు చూపిస్తే అటు బట్ట తక్కువ. ఛాతీ మొన నుంచి చంక వైపు ఏటవాలుగా లాగితే గిన్నె లోతు చాలలేదు. హుక్కుల దగ్గర నుంచి అడ్డంగా కిరణాల్లా వస్తే ముందు వెడల్పు తక్కువ. జబ్బ చుట్టూ అడ్డ గీతలు పడితే చేతి వెడల్పు తక్కువ. లాగుడు లేకుండా నిలువుగా మెత్తటి మడతలు పడితే అక్కడ బట్ట ఎక్కువ. ఒక వైపే వస్తే భుజాలు ఎత్తు తేడా, తగ్గిన వైపు భుజం కుట్టులో పావు అంగుళం తీస్తే సరి. మెడ వెనక కింద అడ్డంగా ఒక మడత పడుతుంటే వీపు పొడవు ఎక్కువైంది. వెనక భుజం కుట్టులో పావు అంగుళం దింపి చూడాలి.

పక్కల్లో అదనంగా వేసే కుట్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. పావు అంగుళం దూరంలో ఉన్న ఒక వరస విప్పితే ఒక్కో పక్క ముందు పావు, వెనక పావు, అంటే అర. రెండు పక్కలా కలిపి ఒక అంగుళం పెరుగుతుంది. ‘ఒక్క కుట్టే కదా’ అని రెండు వరసలు విప్పితే రెండంగుళాలు. కుట్టును పట్టీ నుంచి చంక దాటి చేతి చివర దాకా విప్పితే చేయి కూడా వదులవుతుంది, నడుము దగ్గర మాత్రమే కావాలంటే చంకకు రెండంగుళాల కింద ఆపి కొత్త కుట్టును మెల్లగా పాతదానిలో కలపాలి.

ఇక పాడైన నిశ్చితార్థం జాకెట్టు. కోసేసిన చంకను వెనక్కి తేలేం, కానీ కింద ముక్క వేసి పైకి తేవచ్చు. ముందు విప్పిన పక్క కుట్టును మళ్లీ పాత గీత మీద వేయాలి. తరువాత చంక కింద పక్క కుట్టు, చేతి లోపలి కుట్టు, చేతి చుట్టు కుట్టు కలిసే చోట నాలుగు వైపులా రెండంగుళాల మేర విప్పాలి. అక్కడ పతంగి ఆకారపు ముక్క వేయాలి, కుట్టాక ఒక్కో అంచు రెండు అంగుళాలు, కుట్టుకు పావు పావు అదనం, ఐమూలగా కోసింది. ముక్క నిలువు మొనలు ఒకటి పక్క కుట్టులోకి, ఒకటి చేతి లోపలి కుట్టులోకి వెళ్తాయి, అడ్డం మొనలు చంక గుండ్రంలోకి. మొనలు పీకకుండా ఒక్కో మొన దగ్గర కుట్టు మొదలుపెట్టే ముందు లోపల వేలి గోరంత గుడ్డ ముక్క పెట్టి బలపరచాలి, మొన దగ్గర కుట్టును చిన్నదిగా, మెషీను నంబరు ఒకటిన్నరకు తగ్గించి కుట్టాలి. అదే పట్టు మిగలకపోతే చీర ఫాల్ రంగు కాటన్ అయినా ఫరవాలేదు, చేయి దించితే కనిపించదు. ఈ పనికి ఒక టైలరుకు పూట పడుతుంది. చేతి అంచు మడతలో ఒక అంగుళం బట్ట ఉంటే దాన్ని కూడా విప్పమనండి, జబ్బ దగ్గర కుట్టును పావు అంగుళం వదలడానికి అప్పుడు అంచు సరిపోతుంది.